ఆ పిట్ట తోకకి దారం చుట్టుకోలేదు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన నెల మారేడుమిల్లి వెళ్లినప్పుడు ఘాట్ రోడ్డు పక్కన ఒక నల్లటి పిట్టను చూశాం. కాకి కాదు, కాకికన్నా సన్నగా ఉంది. కోకిలా అంటే కన్ను ఎర్రగా లేదు. ఎగురుతుంటే వెనకాల రెండు తుమ్మెదలు తరుముతున్నట్టు అనిపించింది, తీరా కొమ్మ మీద వాలాక చూస్తే ఆ రెండూ తోక నుంచి సన్నటి దారాలకి వేలాడుతున్నాయి. గాలిపటం దారం చుట్టుకుందేమోనని మా అమ్మాయికి ఒకటే టెన్షన్, ఫారెస్టు వాళ్లకి ఫోన్ చెయ్యి నాన్నా అని పట్టు. నేనూ నమ్మేశాను. సిగ్నల్ లేదు కాబట్టి పరువు దక్కింది.

టీ కొట్టు పెద్దాయన నవ్వాడు. "దారం కాదు బాబూ, దాని తోకే అంత. మీ ఊళ్లో గేదెల మీద కూర్చునే పోలిగాడు లేడూ, వాడి చుట్టమే ఇది."

ఇంటికొచ్చి వెతికితే ఆయన మాటే నిజం. రాకెట్ టెయిల్డ్ డ్రోంగో అట. తోకలో బయటి రెండు ఈకలూ పొడుగ్గా సాగి చాలా దూరం ఉత్త ఈనెలాగే ఉంటాయి, కొసన మాత్రం చిన్న బ్యాటులా ఈక విచ్చుకుంటుంది. నుదుటి మీద కుచ్చు. వేరే పిట్టల కూతలు కూడా కూస్తుందట. ఆ చెట్టు మీద నాలుగు రకాల పిట్టలున్నాయని వాదించిన మా బావమరిదికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

ఇంతకీ ఈ ఉత్తరం ఎందుకంటే, పత్రికల్లో పక్షుల ఫొటోలు వేసినప్పుడు కింద ఇంగ్లీషు పేరే తెలుగు అక్షరాల్లో రాసి వదిలేస్తున్నారు. బ్లాక్ డ్రోంగో అంటే మా అమ్మాయికి ఏం తెలుస్తుంది? పసుల పోలిగాడు అంటే పేరులోనే ఆనవాలుంది, మేసే పశువుల కాళ్ల దగ్గర లేచే పురుగుల కోసం వాటి వీపు మీదే కూర్చుంటుంది, ఇక చీలిన తోక చూసుకుంటే చాలు. 1986లో కడప జిల్లాలో మళ్లీ కనబడిన కలివి కోడి కూడా అంతే, ఏ పొదల్లో వెతకాలో పేరే చెబుతుంది. నలుపు చూసి పిట్టను పోల్చడం కష్టమండీ, ఇటుక రంగు రెక్కలున్న జెముడు కాకిని కూడా దూరం నుంచి నల్ల పిట్టే అంటాం.

కాబట్టి ఫొటో కింద మన పేరు కూడా వేయండి. ఈ తోక పిట్టని మన్యంలో ఏమంటారో తెలిసిన పాఠకులుంటే రాయమని అడగండి. టీ తాగిన హడావిడిలో పెద్దాయన్ని ఆ ఒక్క ముక్కా అడగకుండా వచ్చేశాను.

— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం