వెనక చక్రం మోతకు చైను మార్చడం మందు కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను కోనసీమ జిల్లా అంబాజీపేటలో 19 ఏళ్లుగా మీ పత్రిక ఏజెంటుని. తెల్లవారుజామున మూడున్నరకు కట్టలు దించుకుని చుట్టుపక్కల ఊళ్లలో పేపర్లు వేసి ఏడు గంటలకల్లా ఇంటికి చేరతాను. నా బండి 2004లో కొన్న హీరో హోండా స్ప్లెండర్ ప్లస్. పదిహేనేళ్లు నిండాక 2019లో రిజిస్ట్రేషన్ ఐదేళ్లకు రెన్యువల్ చేయించాను, 2024లో మళ్లీ చేయించాను. ఇంజను బాగుంది. అమ్మే ఆలోచన లేదు.

మీ వాహనాల పేజీలో వారం వారం కొత్త బళ్ల గురించి వస్తోంది. మీ పేపరు నేను ఎవరి అరుగు మీద వేస్తానో ఆ ఇళ్ల ముందు నిలబడి ఉండేవి ఎక్కువగా పాత బళ్లే. వాళ్ల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన కార్తీకంలో నా బండి వెనక చక్రం నుంచి మోత మొదలైంది. నేను తిరిగే వేళకి రోడ్డు మీద ఇంకో శబ్దం ఉండదు, అందుకే తొందరగా చెవిన పడింది. తిరగలి తిప్పుతున్నట్టు గుర్రుమనే మోత. స్పీడు ముప్పై దాటితే పెరిగేది. ఒక షాపుకి తీసుకెళ్లాను. చక్రం తిప్పి చూడకుండానే "చైన్ సెట్ పోయింది బాబాయ్" అన్నాడు ఆ కుర్రాడు. చైను, అది తిరిగే రెండు పళ్ల చక్రాలు (స్ప్రాకెట్లు) మార్చి 1,600 రూపాయలు తీసుకున్నాడు. మర్నాడు ఉదయం అదే మోత. ఇంకో షాపులో బ్రేకు షూస్ మార్చారు. తగ్గలేదని మళ్లీ వెళితే అప్పుడు హబ్బులో, అంటే చక్రం నడిభాగంలో, బేరింగులు మార్చారు. మోత పోయింది, నేనూ సంతోషించాను. రెండు నెలలు తిరక్కుండానే అంతకన్నా పెద్దగా వచ్చింది.

ఆదివారాలు మా ఆవిడని ఈ బండి మీదే వాళ్ల పుట్టింటికి తీసుకెళ్తాను. కాలువ గట్టు మీద పోతుంటే వెనక చక్రం కాస్త పక్కకి ఊగినట్టు అనిపించింది. ఆ రోజు నాకు కలిగిన టెన్షన్ ఇంతా అంతా కాదు. ఆమెను ఆటో ఎక్కించి, నేను మెల్లగా ఇంటికి వచ్చాను.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారు. ముప్పై ఏళ్లు మెకానిక్కుగా చేసి షాపు మూసేశారు. ఆయన పానా పట్టుకోలేదు, ముందు బండి ఎక్కి ఒక రౌండు తిప్పుకొచ్చారు. వంతెన దిగుతుండగా క్లచ్ పట్టుకుని, గేరు న్యూట్రల్ చేసి చూశారట. మోత అలాగే ఉంది. అంటే ఇంజనుది కాదు, గేర్లది కాదు. చైను వదులైతే టకటకమని కొట్టుకుంటుందనీ, హబ్బు రబ్బర్లు అరిగితే యాక్సిలేటర్ ఇచ్చి వదిలిన ప్రతిసారీ టక్కుమని ఒక దెబ్బ వినిపిస్తుందనీ, షూస్ తగులుతుంటే డ్రమ్ము చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుందనీ చెప్పారు. ఏం చేసినా మారకుండా చక్రం తిరిగినంతసేపూ గుర్రుమంటే ముందు బేరింగునే అనుమానించాలన్నారు.

తర్వాత సెంటర్ స్టాండు వేయించారు. బ్రేకు రాడ్డు నట్టు వదులు చేసి, చైను తప్పించి, ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చెయ్యి స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప చట్రం) మీద పెట్టమన్నారు. ఇసక రాలుతున్నట్టు గరగర నా అరచేతికి తెలిసింది. టైరును పైనా కిందా పట్టుకుని అటూ ఇటూ ఊపితే ప్లే, అంటే వదులు, కూడా ఉంది. ఇంతవరకూ ఎవరైనా చేసేదే. ఆయన ఇంకొకటి చేశారు. యాక్సిల్ (చక్రం ఇరుసు) నట్టు వదులు చేసి తిప్పారు, చక్రం హాయిగా తిరిగింది. నట్టు బిగించి తిప్పారు, బరువుగా తిరిగి వెంటనే ఆగిపోయింది. "లోపల గొట్టం లేదురా" అన్నారు.

ఆ గొట్టం గురించి నాకు అప్పటిదాకా తెలియదు. హబ్బులో కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి బేరింగులుంటాయి. బేరింగంటే లోపలి రింగు, బయటి రింగు, వాటి మధ్య తిరిగే ఇనుప గుండ్లు. వాటి మధ్య జానెడు కూడా లేని ఇనుప గొట్టం ఒకటి ఉంటుంది. నట్టు ఎంత బిగించినా ఆ బిగువు బేరింగుల లోపలి రింగుల నుంచి గొట్టం మీదికి పోతుంది, గుండ్ల మీద పడదు. అది లేకపోతే రెండు లోపలి రింగులూ ఒకదానివైపు ఒకటి నొక్కుకుని గుండ్లను పక్కనుంచి పిండేస్తాయి. కొత్త బేరింగైనా వేడెక్కి పాడవుతుంది. బేరింగులు మార్చిన షాపులో ఆ గొట్టాన్ని తిరిగి పెట్టడం మర్చిపోయారు. చక్రం విప్పితే మధ్యలో ఖాళీయే.

మూడో బేరింగు కూడా ఒకటుంది. స్ప్రాకెట్ బిగించే భాగంలో, ఎడమ పక్కన. దాన్నైతే అసలు ఎవరూ ముట్టుకోనేలేదు. వేలు పెట్టి తిప్పితే తుప్పు పొడి రాలింది. దుమ్ము సీలు చిరిగి ఉంది. ఇందులో నా తప్పు కూడా ఉంది. నెలకి రెండుసార్లు వాటర్ సర్వీసింగు చేయించేవాణ్ణి. గన్నును నేరుగా హబ్బు మీద పెట్టి కొడుతుంటే శుభ్రమవుతోందనుకున్నాను. ఆ నీళ్లే సీలు దాటి లోపలికి పోయి గ్రీజును తినేశాయి.

అమలాపురంలో గొట్టం, సీలు, మూడు బేరింగులు తెచ్చాను. హబ్బువి 6301 నంబరువి. చివర 01 అంటే లోపలి రంధ్రం 12 మిల్లీమీటర్లని ఆయనే చెప్పారు. రెండు పక్కలా రబ్బరు సీలున్నవే తెమ్మన్నారు. పెద్దాయన పాత బేరింగును అడ్డం పెట్టి బయటి రింగు మీద మాత్రమే కొట్టి కొత్తవి దించారు. లోపలి రింగు మీద కొడితే ఆ దెబ్బ గుండ్లకు తగిలి బేరింగు బిగించకముందే పోతుందట. చైనును వేలితో ఎత్తితే పైకీ కిందికీ కలిపి 25 మిల్లీమీటర్లు ఆడేలా పెట్టారు. మరీ బిగిస్తే మళ్లీ బేరింగుల మీదే భారం. చక్రం వంకర పోకుండా, స్వింగ్ ఆర్మ్ మీది గీతలు రెండు పక్కలా ఒకే చోట ఉన్నాయా అని మూడుసార్లు చూశారు. గొట్టం ఖర్చు యాభై రూపాయలు కూడా కాలేదు. దాని కోసం నేను అంతకుముందు పోగొట్టుకున్నది మూడు వేలకు పైనే.

మెకానిక్ సోదరులకు నా మనవి. చక్రం తిప్పి చూడకుండా సామాను పేరు చెప్పకండి. విప్పిన పాత సామానంతా బండి యజమాని చేతికివ్వండి. ఆ రోజు నాకు పాత బేరింగులతోపాటు ఆ గొట్టం కూడా ఇచ్చి ఉంటే, అదేమిటని నేనే అడిగి ఉండేవాణ్ణి.

మీకూ ఒక మనవి. వాహనాల పేజీలో వారానికి ఒక చిన్న గడి పాత బళ్లకు కేటాయించండి. ఏ శబ్దం దేనిదో, షాపుకి వెళ్లేముందు ఇంట్లోనే ఏం చూసుకోవచ్చో రాయించండి. మొదటి వారం ఆ గొట్టం ఫొటో వేయండి. బిగించే ముందు ఫోనులో తీసుకున్నాను, అడిగితే పంపిస్తాను.

ఇట్లు,
ఒక పత్రికా ఏజెంటు,
అంబాజీపేట.