గ్రంథాలయాల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: ముందు పట్టికలు సరిచేయించండి, డేటా ఎంట్రీ తర్వాత

గౌరవనీయులైన మంత్రి గారికి,

గ్రంథాలయాల కంప్యూటరీకరణ రెండో విడత టెండరు సిద్ధమవుతోందని తెలిసి ఈ లేఖ రాస్తున్నాం. మొదటి విడత డేటా గురించి ఇచ్చిన వినతిపత్రాల్లో ఒక్కదానికీ జవాబు రాలేదు. అందినట్టు రసీదైనా లేదు. అందుకే ఇలా నలుగురి ముందు అడగాల్సి వస్తోంది. గ్రంథాలయాల్లోని పుస్తకాల వివరాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే ఈ పథకం సంగతి మీకు తెలిసిందే, మళ్లీ చెప్పం. కొత్తగా ఒక్క పుస్తకం ఎక్కించే ముందు, ఎక్కించే చోటు సరిగ్గా కట్టించండి. మా మొర అంతా అదే.

ఇప్పుడున్నది డేటాబేస్ కాదండీ, ఒకే ఒక పొడవాటి ఎక్సెల్ షీటు. అక్సెషన్ రిజిస్టర్‌లో, అంటే గ్రంథాలయానికి వచ్చిన పుస్తకాలకు నంబర్లు వేసి రాసుకునే లెడ్జరులో, వరసకో ప్రతి ఉంటుంది కాబట్టి షీటులోనూ అలాగే ఎక్కించారు. రిజిస్టర్ ఆస్తి లెక్క కోసం పెట్టింది, దానికది సరిపోతుంది. క్యాటలాగ్‌ను పాఠకుడు వెతుకుతాడు. ఒక పుస్తకానికి అయిదు ప్రతులుంటే పేరు, రచయిత, ప్రచురణకర్త అయిదుసార్లు టైపవుతాయి. ఒక వరసలో శ్రీశ్రీ, ఇంకో వరసలో మధ్య ఖాళీతో శ్రీ శ్రీ, మూడో దాంట్లో శ్రీరంగం శ్రీనివాసరావు, నాలుగో దాంట్లో అదే పేరు శ్రీనివాస రావు అని విడదీసి, అయిదో దాంట్లో ఇంగ్లిష్ అక్షరాల్లో. ఏ పేరుతో వెతికినా ఒక్క ప్రతే దొరుకుతుంది. అది ఎవరో తీసుకెళ్లి ఉంటే పుస్తకం లేదని పాఠకుడు వెనక్కి వెళ్లిపోతాడు. మిగతా నాలుగూ బీరువాలోనే ఉంటాయి. పుస్తకం ఏ వర్గానిదో చెప్పే కాల్ నంబర్ మార్చాల్సి వస్తే అయిదు చోట్లా మార్చాలి, ఒకటి మరిచిపోతే ఆ ప్రతి వేరే వర్గంలో చేరిపోతుంది. కొన్నిచోట్ల ఇంకా అన్యాయం: 4512 నుంచి 4516 దాకా అయిదు ప్రతుల నంబర్లూ ఒకే గడిలో గీత పెట్టి రాసేశారు. వాటిలో 4514 పోయిందని ఎక్కడ నమోదు చేయాలి?

దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. పుస్తకాలకొక పట్టిక, ప్రతులకొకటి, రచయితలకొకటి, ఏ పుస్తకానికి ఎవరు రచయిత, ఎవరు అనువాదకుడు, ఎవరు సంపాదకుడు అని కలిపే పట్టిక ఇంకొకటి. అక్సెషన్ నంబర్, స్థితి, బీరువా ప్రతుల పట్టికలోనే ఉండాలి. ప్రతి పోతే వరస కొట్టేయకుండా స్థితి మార్చాలి, ఆ నంబర్ మరో పుస్తకానికి ఇవ్వకూడదు. రచయితకు ఒక సంఖ్య ఇచ్చి, ఆయన పేరు రూపాలన్నీ ఆ సంఖ్యకే కట్టేయాలి. అప్పుడు ఏ పేరుతో వెతికినా అయిదు ప్రతులూ వస్తాయి. చిన్న గ్రంథాలయానికి ఎస్‌క్యూలైట్ లాంటి ఒకే ఫైలు డేటాబేస్ చాలు. అయితే అందులో పట్టికల మధ్య బంధాన్ని కాపాడే ఫారిన్ కీ తనిఖీ మామూలుగా ఆగి ఉంటుంది, కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ దాన్ని ఆన్ చేయాలి. ఈ మాట టెండరులో రాయకపోతే ఎవరూ చేయరు, పుస్తకం లేని ప్రతులు పుట్టుకొస్తాయి.

పుస్తకం మీద అచ్చయ్యే అంతర్జాతీయ సంఖ్య ఐఎస్‌బీఎన్‌నే పుస్తకాన్ని గుర్తించే కీగా పెట్టుకుందామని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి ఒప్పుకోకండి. పాత పుస్తకాలకు అసలు ఆ సంఖ్యే ఉండదు. 2007కు ముందు వాటికి పది అంకెలు, తర్వాత వాటికి పదమూడు. పది అంకెల దాంట్లో చివర ఎక్స్ అక్షరం కూడా రావచ్చు, కాబట్టి దాన్ని టెక్స్ట్‌గానే దాచాలి. మొదటి విడతలో సంఖ్యగా దాచారు. ముందున్న సున్నాలు ఎగిరిపోయాయి. పదమూడు అంకెలవి 9.78E+12 అయ్యాయి, అలా కనబడుతుండగానే సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన ఉత్త టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేయడంతో అసలు అంకెలు శాశ్వతంగా పోయాయి. సంపుటం 3-4 అని కొడితే ఎక్సెల్ దాన్ని తేదీ చేసేసింది. పుస్తకం తీసి చూస్తే తప్ప ఇవి సరిచేయలేం.

ఇక తెలుగు గోడు. చాలా రికార్డులు పాత డీటీపీ ఫాంట్లలో కొట్టారు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అవి పిచ్చిగీతలు, వెతికితే దొరకవు. కొన్ని సర్వర్‌కు ఎక్కించేటప్పుడే ప్రశ్నార్థకాలుగా మారిపోయాయి, వాటిని ఏ మంత్రం వేసినా వెనక్కి తేలేం. ఇంకొన్నిచోట్ల పేరు గడిని యాభై బైట్లకు కట్టేశారు. యూనికోడ్ అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ (అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు దేనికదే ఒక కోడ్) ఒక్కొక్కటీ మూడు బైట్లు. స్త్రీ అనే ఒక్క అక్షరంలో అలాంటి కోడ్‌లు ఆరు, అంటే పద్దెనిమిది బైట్లు. సగం పేరుకే గడి నిండిపోయి, వత్తు మధ్యలో తెగిపోతుంది. ఐత్వాన్ని ఒకే కోడ్‌గానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు వేర్వేరు. పొల్లు తర్వాత కనబడకుండా చేరే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు కూడా అంతే. అందుకే ఇలాంటి వేర్వేరు రాతల్ని ఒకే రాతగా మార్చే ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ రూపంలోకి పేరును మార్చి దాచాలి, వెతకడానికి ఆ కనబడని గుర్తులు తీసేసిన మరో ఫీల్డ్ పెట్టాలి. ఇంటిపేరు ముందుండే మన పేర్లను చివరి ఖాళీ దగ్గర విరిచి తిరగేసే పద్ధతి కూడా ఆపాలి.

అయ్యా, రికార్డుకు ఇంత అని లెక్కగట్టి చెల్లిస్తుంటే టైపు చేసేవాళ్లు వేగమే చూసుకుంటారు, వాళ్లను తప్పుపట్టడం లేదు. బిల్లు ఇచ్చే ముందు ఏవో వంద రికార్డులు తీసి, పుస్తకం చేతబట్టుకుని పోల్చమనండి. బీరువా నుంచి వంద పుస్తకాలు తీసి తెరమీద వెతకమనండి. ఈ రెండు పరీక్షలూ నెగ్గని బిల్లు పాస్ చేయకండి. టెండరు నిబంధనలు రాసేచోట ఒక్క గ్రంథపాలకుడినైనా కూర్చోబెట్టండి. ఇప్పటిదాకా ఎక్కించిన డేటాను యూటీఎఫ్-8 సీఎస్‌వీలోనూ, గ్రంథాలయాలు రికార్డులు మార్చుకునే మార్క్ 21 ఫార్మాట్‌లోనూ మాకు ఇప్పించండి. ఆ ఫైలు చేతికొస్తే కోహా లాంటి ఉచిత గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌లోకైనా తీసుకెళ్లగలం, మా పాట్లు మేం పడగలం. ఫైలు కూడా ఇవ్వకపోతే ఆ రికార్డులన్నీ మళ్లీ మొదటి నుంచి కొట్టాల్సిందే. పాత క్యాటలాగ్ కార్డుల డ్రాయర్లను అమ్మేయమన్న ఉత్తర్వును అప్పటిదాకా నిలిపివేయండి. తప్పుల్ని సరిచూసుకోవడానికి ఇప్పుడు మిగిలిన ఆధారం అవొక్కటే.

ఇట్లు,
గ్రంథాలయ ఉద్యోగులు