ఆకుపచ్చ నంబర్ ప్లేటు ఒక్కటే చాలదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఎలక్ట్రిక్ కార్లు వస్తే ఊళ్లలో కాలుష్యం తగ్గిపోతుందని ఈ మధ్య తరచూ చదువుతున్నాం. నాకు ఆ కార్ల మీద కోపమేమీ లేదు. మా ఇంట్లోనే ఒకటుంది, ఎలక్ట్రిక్ బళ్లకుండే ఆ ఆకుపచ్చ నంబర్ ప్లేటుతో, మా అబ్బాయి కిందటేడు కొన్నాడు. విద్యుత్ శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైన వాణ్ని కాబట్టి మీటరు చూడనిదే నాకు పొద్దు గడవదు. కారు వచ్చిన వారంలోనే ఛార్జింగ్ పాయింటుకు విడిగా సబ్‌మీటరు పెట్టించి, రీడింగును ఒక పాత డైరీలో రాయడం మొదలుపెట్టాను. ఈ ఉత్తరం ఆ డైరీ చలవే.

డైరీ లెక్కన మా కారుకు వంద కిలోమీటర్లకు దాదాపు 16 యూనిట్లు పడుతోంది. మా అబ్బాయి హన్మకొండ నుంచి మడికొండ ఐటీ పార్కుకు వెళ్లి రావడం, మధ్యలో చిన్నాచితకా పనులు అన్నీ కలిపి రోజుకు 20 కిలోమీటర్లు. అంటే 3.2 యూనిట్లు. దీనికి పొగ లేదంటారు. మా వాకిట్లో లేదు, నిజమే. చెల్పూరులో ఉంది. అక్కడి కాకతీయ థర్మల్ ప్లాంటు 1,100 మెగావాట్లది, భూపాలపల్లి బొగ్గుతో నడుస్తుంది. ఇక రామగుండం థర్మల్ ప్లాంట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. సోలార్ కరెంటు పెరిగిన మాట వాస్తవమే గానీ, మావాడు ప్లగ్గు పెట్టేది రాత్రి పది దాటాక. ఒక యూనిట్ థర్మల్ కరెంటుకు ఆరేడు వందల గ్రాముల బొగ్గు కాలుతుంది. ఈ లెక్కన నువ్వు రోజూ రెండు కిలోల బొగ్గు కాల్చి ఆఫీసుకు వెళ్లొస్తున్నావురా అన్నందుకు వాడు రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

పెట్రోలు కారు కన్నా ఇది మేలే. అదే 20 కిలోమీటర్లకు పెట్రోలు కారు లీటరుకు పైగా తాగుతుంది, ఆ పొగంతా నక్కలగుట్ట సిగ్నల్ దగ్గర స్కూటీ మీద నిలబడ్డ పిల్లల ముక్కుల్లోకే పోతుంది. అంతవరకు నాకు పేచీ లేదు. నా పేచీ అంతా బస్సును లెక్కలోకి తీసుకోకపోవడం మీదే.

మన రోడ్ల మీద తిరిగే పాత డీజిల్ బస్సునే తీసుకోండి. లీటరుకు అయిదు కిలోమీటర్లు వస్తుందనుకుంటే 20 కిలోమీటర్లకు నాలుగు లీటర్లు. యాభై మంది ఎక్కితే మనిషికి 80 మిల్లీలీటర్లు, అంటే హోటల్లో ఇచ్చే ఒక చిన్న గ్లాసు చాయంత. లీటరు డీజిల్ కాలితే 2.7 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, కాబట్టి మనిషి వాటా రెండు వందల గ్రాముల చిల్లర. మావాడి 3.2 యూనిట్ల వెనక బొగ్గు కాలి వచ్చేది రెండు కిలోలకు పైమాటే. పది లక్షలు దాటిన కొత్త కారులో ఒక్కడే కూర్చుని పోయేవాడి కన్నా, అద్దాలు గడగడలాడే పాత బస్సులో నిలబడి పోయేవాడు గాలిలోకి పదో వంతు కార్బన్ డయాక్సైడ్ కూడా వదలడం లేదు. కారులో నలుగురు ఎక్కితే లెక్క మారుతుంది, ఒప్పుకుంటాను. ఎక్కరు కదా!

ఒక రోజు కాజీపేటలో పనుండి పొద్దున్నే వాడితో పాటు కారెక్కాను. ఫాతిమానగర్ బ్రిడ్జి మీద ఆగిపోయాం. ఊరుకోలేక చుట్టూ ఉన్న కార్లు లెక్కపెట్టాను. పదకొండు కార్లు, అందులో తొమ్మిదింటిలో స్టీరింగు పట్టుకున్న మనిషి తప్ప ఇంకెవరూ లేరు. మా వెనకే జనగామ పోయే పల్లెవెలుగు, ఫుట్‌బోర్డు దాకా జనం. ఆ బస్సు జాగా రెండు మూడు కార్ల జాగా. అందులోని వాళ్లంతా మాలాగే కార్లలో వచ్చి ఉంటే ఆ వరస ఎక్కడిదాకా పోయేదో ఊహించుకోండి. బ్రిడ్జి మీద ఇరుక్కున్న కారు పెట్రోలుదైనా, కరెంటుదైనా ఇరుక్కున్నట్టే. మాది చప్పుడు చేయకుండా ఇరుక్కుంది, అంతే తేడా.

సమ్మక్క-సారలమ్మ జాతరకు మేడారం వెళ్లొచ్చిన వాళ్లకు ఈ సంగతి నేను చెప్పాల్సిన పని లేదు. 2024 జాతరకు ఆర్టీసీ 6 వేల బస్సులు పెట్టింది. కార్లను పస్రా దగ్గర నార్లాపూర్ వైపు మళ్లించి, తాడ్వాయి రోడ్డును బస్సులకు వదిలారు. బస్సు ఎక్కినవాళ్లు అమ్మలు కొలువుండే గద్దెలకు దగ్గర్లో దిగారు. మేం దర్జాగా కారులో పోయి, అడవిలో గంటలకు గంటలు ఆగి, ఎక్కడో పొలంలో కారు పెట్టి, నెత్తిన బంగారం (మొక్కు బెల్లం) మూటతో కిలోమీటర్ల కొద్దీ నడిచాం. మా చెల్లెలు బస్సులో వెళ్లి, అమ్మల దర్శనం చేసుకుని, మేం గద్దెలు చేరేసరికి తిరుగు బస్సులో కూర్చుని ఫోన్ చేసింది. రోడ్డు బస్సుకు వదిలితే ఏమవుతుందో మన జిల్లాల వాళ్లకు రెండేళ్లకోసారి కళ్లారా కనిపిస్తూనే ఉంది. మిగతా రోజుల్లో ఆ సంగతి ఎందుకు మరిచిపోతామో తెలియదు.

ఇప్పుడు డబ్బు విషయం. 2024 నవంబరులో వచ్చిన రాష్ట్ర ఈవీ పాలసీ కింద ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ, 2026 డిసెంబరు 31 దాకా. మా కారు మీద మాకు మిగిలింది రెండు లక్షలకు పైనే. మిగిలినందుకు సంతోషమే, అబద్ధం ఎందుకు. కానీ ఆ పొద్దున బ్రిడ్జి మీద ఫుట్‌బోర్డు పట్టుకుని వేలాడిన వాళ్లకు సర్కారు అంత ఉదారంగా ఏమిచ్చింది? ఆడవాళ్లకు 2023 డిసెంబరు 9 నుంచి ఉచిత ప్రయాణం ఇచ్చింది, అది పెద్ద సంగతే. మా ఇంటావిడ ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుని పరకాల పుట్టింటికి వెళ్లొస్తుంటుంది. అంతకు ముందు ఏడాదికి మూడుసార్లు వెళ్లేది, ఇప్పుడు నెలకు రెండుసార్లు. బస్సుల్లో రద్దీ పెరిగిందని మగవాళ్లు సణుగుతారు. జనం అంతగా ఎక్కుతున్నారంటే బస్సులు పెంచమని కదా అడగాలి, ఎక్కినవాళ్ల మీద జోకులు వేయడమేంటి?

ఎలక్ట్రిక్ బస్సులు మనకు రాలేదని కాదు. వరంగల్ నుంచి హైదరాబాద్‌కు ఎలక్ట్రిక్ సూపర్ లగ్జరీలు తిరుగుతున్నాయి. ఒకసారి పెళ్లికి మా కారులో హైదరాబాద్ వెళ్లి తిరిగొస్తూ హైవే మీద ఛార్జింగ్ కోసం ఆగాం. అక్కడున్న రెండు ఛార్జింగ్ గన్నుల్లో ఒకటి పనిచేయదు, రెండోదానికి అప్పటికే ఇంకో కారు తగిలించి ఉంది. గంటంబావు కూర్చున్నాం. ఆ గంటంబావులో మా ముందు నుంచి చప్పుడు లేకుండా పోయిన ఎలక్ట్రిక్ బస్సును చూసి మా కోడలు నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది.

దూరం పోయే బస్సులు సరే, ఊళ్లో తిరిగే బస్సుల మాటేమిటి? కాజీపేట, హన్మకొండ, వరంగల్ మూడూ ఒకే రోడ్డుకు గుచ్చిన పూసల్లాంటివి. కాజీపేట జంక్షన్ నుంచి అదాలత్, చౌరస్తా, ములుగు రోడ్డు, ఎంజీఎం మీదుగా వరంగల్ స్టేషన్ దాకా పది పన్నెండు కిలోమీటర్లు. సిటీ బస్సుకు ఇంతకన్నా అనువైన దారి దొరకడం కష్టం. పది నిమిషాలకొక బస్సు ఉంటే చేతి గడియారంతో కూడా పని లేదు. ఇప్పుడు జనం షేర్ ఆటోల్లో సగం బయటికి వేలాడుతూ పోతున్నారు, లేదా బండి కొంటున్నారు. సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు కరెంటు రైలే వస్తుంది, అదీ దశాబ్దాలుగా. ఎలక్ట్రిక్ ప్రయాణం కొత్తేమీ కాదు మనకు. రాత్రి రైలు దిగాక స్టేషన్ నుంచి ఇంటికి ఆటోకు ఇచ్చేది జనరల్ టికెట్ కన్నా ఎక్కువ, చిక్కంతా అక్కడుంది.

2023లో కేంద్రం ప్రకటించిన పీఎం ఈ-బస్ సేవ పథకం 10 వేల ఎలక్ట్రిక్ బస్సులది. మూడు లక్షల నుంచి నలభై లక్షల జనాభా ఉన్న నగరాలు దాని పరిధిలోకి వస్తాయి, మనదీ వస్తుంది. ఆ దారిన వచ్చినా, రాష్ట్రం సొంతంగా కొన్నా, బస్సులను ముందు ఈ కాజీపేట రోడ్డు మీద పెట్టాలని మన ఎమ్మెల్యేలను, కార్పొరేషన్ వాళ్లను, ఆర్టీసీ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. రాత్రి పది దాకా రైళ్ల వేళలను బట్టి కాజీపేట నుంచి బస్సు కదలాలి. వానాకాలంలో గొడుగు లేకుండా నిలబడే షెల్టర్లు కావాలి.

మొన్న మా అబ్బాయిని అడిగాను, మడికొండ మీదుగా ఇన్ని బస్సులు పోతాయి కదా, ఒకటెక్కితే ఏం పోతుందని. "పోతాయి నాన్నా, ఎప్పుడొస్తాయో ఎవరికి తెలుసు? పొద్దున 9:20కి బస్సుందని రాసిన బోర్డు ఒక్కటి చూపించు, ఆ రోజు నుంచే ఎక్కుతా" అన్నాడు. మాట తప్పితే నా డైరీలో ఎలాగూ తెలిసిపోతుంది. ఆ బోర్డును అదాలత్ స్టాపులో పెట్టమని మనవి. మా ఇంటికి అదే దగ్గర.

ఇట్లు,
ఒక రిటైర్డ్ విద్యుత్ ఉద్యోగి,
హన్మకొండ