యాభై దాటాక రెండు ఆటలు

ఒరేయ్ మూర్తీ,

మొన్న ఫోన్లో "గోల్ఫా? నువ్వా? పైగా పరుగు కూడానా!" అని పగలబడి నవ్వావు. ఫోన్లో జవాబు చెబితే మాట మాటకీ అడ్డొస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. కాఫీ తెచ్చుకుని కూర్చో, ఇది కాస్త పెద్దదే.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం, నీ మనసులో తిరుగుతున్నది అదేనని నాకు తెలుసు. గోల్ఫ్ చవక ఆట కాదు. నేను సభ్యుణ్ణి కూడా కాను. ఆఫీసులో పరిచయమైన ఒకాయన అతిథిగా రాయిస్తే ఫీజు కట్టి ఆడతాను. కర్రలు సెకండ్ హ్యాండువి. సంచిలో 14 దాకా ఉండొచ్చని రూలు, నాకున్నవి అందులో సగం. నిజానికి అవే ఎక్కువ! దూరం కొట్టడానికి సెవెన్ ఐరన్ అనే కర్ర, దగ్గరికొచ్చాక బంతిని గుంతలోకి దొర్లించడానికి పట్టర్ అనే కర్ర ఉంటే నా ఆటకి చాలు.

మేం ఆడేది గోల్కొండ నయాఖిల్లాలో. 1656లో మొఘలులు మీదికొచ్చి వెళ్ళాక, మళ్ళీ వస్తే ఆపడానికి కుతుబ్ షాహీలు కోటకి చేర్చిన భాగం అది. ఒక పక్క బురుజులు, ఒక పక్క నీళ్ళు, మధ్యలో పచ్చిక. నాలుగు వందల ఏళ్ళ నాటిదని చెప్పే ఆఫ్రికా చెట్టు, 'హాథియన్ కా ఝాడ్', ఉన్నది కూడా ఆ నయాఖిల్లాలోనే. దాని మొదలు చుట్టూ తిరిగి రావడానికే కాస్త సమయం పడుతుంది. కోటలో గోల్ఫ్ ఏమిటని చరిత్ర ప్రేమికులు చాలాకాలంగా అడుగుతున్నారు. వాళ్ళ మాటలో న్యాయం ఉందనే నా అభిప్రాయం. అలాగని ఆడటం మానానా అంటే, మానలేదు. ఆ ఇబ్బంది కొంచెం మనసులో ఉంచుకునే ఆడుతుంటాను.

ఇక ఆట సంగతి. మనం చిన్నప్పుడు ఆడిన ఏ ఆటలోనూ లేని ఒక మర్యాద ఇందులో ఉందిరా. క్రికెట్‌లో నువ్వు ఓపెనర్‌వి, నేను బౌండరీ దగ్గర బంతి ఏరుకొచ్చేవాణ్ణి. ఇద్దరం కలిసి ఆడామన్నది పేరుకే. గోల్ఫ్‌లో బంతిని ఎంత తక్కువ షాట్లలో గుంతలో (హోల్ అంటారు) వేస్తే అంత గొప్ప. ఇందులో హ్యాండిక్యాప్ అని ఒక లెక్క ఉంది. నీ చివరి 20 రౌండ్లలో బాగా ఆడిన 8 తీసుకుని, వాటి సగటు మీద నీ స్థాయి కడతారు. 2020 నుంచి ప్రపంచమంతటా ఇదే పద్ధతి. ఆ అంకె ఎంత తక్కువైతే ఆట అంత మెరుగన్నమాట. నాది 28, మా ఆఫీసాయనది 8. ఇద్దరం పోటీకి దిగితే నాకు సుమారుగా ఇరవై షాట్ల రాయితీ. అంటే ఆయన ఆయన స్థాయికి తగ్గట్టు ఆడాలి, నేను నా స్థాయికి తగ్గట్టు ఆడాలి, ఎవరు తమ స్థాయి కంటే మెరుగ్గా ఆడితే వాళ్ళు గెలుస్తారు. గమనించావా, పన్నెండు చెత్త రౌండ్లని ఆ లెక్క పట్టించుకోనే పట్టించుకోదు. ఈ భూమ్మీద మన చెత్త రోజుల్ని పక్కన పెట్టి బాగున్న రోజుల్ని మాత్రమే లెక్కేసే ఆఫీసు ఇంకోటి ఉంటే చెప్పు, అర్జీ పెట్టుకుంటాను.

స్కోరు లెక్కకి స్టేబుల్‌ఫోర్డ్ అని ఇంకో పద్ధతి ఉంది, ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ అనే డాక్టరుగారు తెచ్చింది. 1932లో ఇంగ్లండ్‌లోని వాలసీ క్లబ్బులో దాంతో పోటీ పెట్టారు. ఇందులో షాట్లు కూడరు, హోల్‌కి ఇన్ని పాయింట్లని ఇస్తారు. ఒక హోల్ పూర్తిగా పాడైందనుకో, సున్నా రాసుకుని బంతి జేబులో వేసుకుని ముందుకెళ్ళిపోవడమే. పది షాట్లు కొట్టినా పదిహేను కొట్టినా ఆ సున్నా సున్నాయే. టెన్షన్ సగం అక్కడే పోతుంది. ఆ డాక్టరు చేసిన వైద్యాల్లో ఎక్కువమందికి ఉపకరించింది ఇదేనేమో!

పరుగుకి వస్తాను. మాది మరీ పెద్ద గుంపు కాదు. ఆదివారం తెల్లవారకముందే నెక్లెస్ రోడ్డు మీద కలుస్తాం. బ్యాంకు మేనేజరు ఉన్నారు, స్కూలు టీచరమ్మ ఉంది, కోడలు చేర్పించిందని వచ్చి కోడలి కంటే వేగంగా పరిగెత్తే ఒక పెద్దాయన ఉన్నారు. ఎవరి ఉద్యోగం ఏమిటో నాకు చాలాకాలం తెలీదు, ఎవరి మోకాలు ఎటు నొప్పో మాత్రం వారంలోనే తెలిసిపోయింది. కోచ్ చెప్పే మాట ఒక్కటే: లాంగ్ రన్‌లో పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి, మాట తెగుతుందంటే వేగం ఎక్కువైందని. నేనీ నియమాన్ని భక్తిగా పాటిస్తాను. మీ చెల్లెలు అంటుంది, "మీరు పరుగెత్తడానికి వెళ్ళట్లేదు, కబుర్లకి వెళ్తున్నారు, చెమట పట్టడం అదనం" అని.

ఆగస్టు చివర్లో హైదరాబాద్ మారథాన్ ఉంటుంది. ఆ నెలలో ఈ ఊరి ఉక్క నీకు తెలుసుగా, చొక్కా మొదటి కిలోమీటర్లోనే తడిసిపోతుంది. దానికి తోడు ఫ్లైఓవర్లు. కారులో వెళ్ళేటప్పుడు అవి వంతెనలు, కాళ్ళతో ఎక్కేటప్పుడు కొండలే. నేను హాఫ్ చేశాను, 21 కిలోమీటర్లు. నా ముందు ఎంతమంది వచ్చారో అడక్కు. ఇక్కడా ఒక లెక్క దొరికింది. ఏజ్ గ్రేడింగ్ అంటారు. నీ వయసులో, మగ ఆడ తేడా చూసి, ప్రపంచంలోకెల్లా మేటి టైమింగుతో నీ టైమింగుని పోల్చి శాతం చెబుతుంది. నా పక్కన దూసుకుపోయిన పాతికేళ్ళ కుర్రాడికీ నాకూ ఆ శాతంలో పెద్ద తేడా లేదు. ఆ రోజు ఇంట్లో నా ముఖం చూసి ఏదో ప్రమోషన్ వచ్చిందనుకున్నారు.

అర్థమైందా నేనెందుకు ఈ రెంటికీ అతుక్కుపోయానో? రెండు ఆటలూ నా వయసుని దాచమనవు, క్షమించమనీ అనవు, లెక్కలోకి తీసుకుంటాయి. అమెరికా గోల్ఫర్ టామ్ వాట్సన్ 2009లో, 59 ఏళ్ళ వయసులో, బ్రిటిష్ ఓపెన్ అనే పెద్ద గోల్ఫ్ పోటీ చివరి హోల్‌లో పట్టర్‌తో ఒక్క దెబ్బకి బంతిని గుంతలో వేస్తే గెలిచేవాడు. అది తప్పింది, స్కోరు సమమై మళ్ళీ ఆడిన ప్లేఆఫ్‌లో ఓడాడు. ఆయన స్థాయి మనకెక్కడ గానీ, 59లో చివరి హోల్ దాకా పోటీలో ఉండనిచ్చే ఆట ఇంకేదుంది?

రెంటికీ మధ్య ఒక గమ్మత్తైన తగాదా కూడా ఉంది. పరుగులో గట్టిగా ప్రయత్నిస్తే నాలుగు నెలలకి ఫలితం కనిపిస్తుంది. గోల్ఫ్‌లో గట్టిగా కొట్టాలనుకున్న క్షణమే బంతి కుడివైపు తుప్పల్లోకి పోతుంది. కర్రల సంచి మోసే మా క్యాడీ, పాతికేళ్ళుండవు, "సార్, ధీరే సే" (మెల్లగా) అని ప్రతి షాట్ ముందూ గొణుగుతాడు. బంతి వెతకడానికి మూడు నిమిషాలే ఇస్తారు, దొరక్కపోతే పోయినట్టే. నడక మాత్రం 18 హోల్స్‌కి ఎనిమిది, పది కిలోమీటర్లు అవుతుంది. పరుగు వల్ల చివరి హోల్స్‌లో కాళ్ళు వణకడం లేదు, అది నిజమైన లాభం. నడుము మాట వేరు. ఫిజియో ఇచ్చిన వ్యాయామాలు చెయ్యకపోతే ఈ రెండు ఆటలూ కలిసి నడుముని వదలవు. అందుకే వారంలో రెండు రోజులు బరువులు ఎత్తుతున్నాను, ఆ పని మాత్రం నాకు బొత్తిగా ఇష్టం లేదు.

డిసెంబర్లో నువ్వొస్తున్నావు. సాకులు వద్దు, మోకాలి సాకు అసలే వద్దు, మా గుంపులో అది చెల్లదు. ఒక ఆదివారం నెక్లెస్ రోడ్డు, ఒక శనివారం నయాఖిల్లా. కాలర్ ఉన్న చొక్కా తెచ్చుకో, టీషర్టుతో లోపలికి రానివ్వరు. చెల్లెమ్మని కూడా తీసుకురా, ఆడవాళ్ళ పరుగు బృందం మాకంటే బాగా నడుస్తోంది. కాకినాడ కాజా మర్చిపోకు, గుంపుకి సరిపడా. తేదీలు తొందరగా చెప్పు, అతిథి పేరు ముందుగానే రాయించాలి.

నీ
రాజా