వార్షిక నివేదిక: మన పార్కు ప్రణాళిక, అందులో డిజిటల్ సాధనాల పాత్ర

గౌరవ సభ్యులకు నమస్కారం. ఈ ఏడాది మన కాలనీ సంక్షేమ సంఘం ఎక్కువ సమయం, శ్రద్ధ పెట్టింది పార్కు ప్రణాళికపైనే. అందువల్ల నీటి సరఫరా, పారిశుద్ధ్యం వంటి నిత్య వ్యవహారాలను జమాఖర్చుల పట్టికలో పొందుపరచి, ఇక్కడ పార్కు సంగతే వివరిస్తున్నాం.

కార్యవర్గమే అన్నీ నిర్ణయించి కాంట్రాక్టరుకు అప్పగించే పద్ధతిని పక్కనపెట్టి, ముందుగా పార్కు ప్రహరీ, గేట్లు, చెట్లు, చుట్టుపక్కల వీధులను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో నమోదు చేశాం. ఎవరైనా దిద్దగలిగే ఈ పటం 2004లో మొదలైంది; నైరోబీలోని కిబేరా యువత 2009లో తమ బస్తీని ఇందులోనే గీసుకున్నారు. స్మార్ట్‌ఫోన్ లేనివారి మాట కూడా వినాలన్న ఉద్దేశంతో మన పటాన్ని పెద్ద కాగితంపై ముద్రించి పార్కు గేటు దగ్గర పరిచాం. ఇబ్బందిగా ఉందంటూ ఇళ్లలో పనిచేసే మహిళలు పెన్సిల్‌తో గుర్తుపెట్టిన చోట్లు దాదాపు అన్నీ వెనుక గేటు దారిలోనే ఉన్నాయి. అక్కడ దీపం వెలుగు కానుగ కొమ్మల్లోనే ఆగిపోతోంది, నేల మీదికి దిగడం లేదు. ఈ విషయం మేం పెట్టిన వాట్సాప్ పోల్‌లో ఎక్కడా బయటపడలేదు. పోల్ ఒక్కటే చాలదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

తర్వాతి దశకు ఐక్యరాజ్యసమితి నివాస విభాగమైన యూఎన్ హ్యాబిటాట్, మైన్‌క్రాఫ్ట్ ఆట రూపకర్త మోజాంగ్ సంస్థలు 2012లో ఆరంభించిన ‘బ్లాక్ బై బ్లాక్’ విధానాన్ని అనుసరించాం. ఇందులో స్థానికులే, దిమ్మెలు పేర్చి కట్టే ఈ కంప్యూటర్ ఆటలో తమ స్థలం నమూనా కట్టుకుంటారు. నేపాల్‌లోని కీర్తిపూర్‌లో డే పుఖు కోనేటి పరిసరాలకూ దీన్ని వాడారు. ఆటలో ఒక్కో దిమ్మె మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉంటుంది కనుక కొలతలు సులువుగా అర్థమయ్యాయి. పెద్దలు చెబుతుంటే పిల్లలు కట్టారు. బల్ల సాయంత్రపు ఎండలో పడుతుందని ఒక అమ్మమ్మ అనగానే దాన్ని అక్కడికక్కడే నీడకు జరిపారు.

అయితే మెట్టు ఎత్తు, మలుపు వెడల్పు వంటి సూక్ష్మమైన కొలతలు ఈ దిమ్మెలకు లొంగవు. అందుకని నడకదారిని నేలపై ముగ్గుపిండితో అసలు కొలతల్లోనే గీసి, చక్రాల కుర్చీ నడిపి చూశాం. వేపచెట్టు చప్టా దగ్గర మలుపు ఇరుకని అక్కడే తేలింది. చెట్టును కదపకుండా దారినే వెడల్పు చేయాలని హాజరైనవారు కోరారు, నమూనాను ఆ మేరకు సవరించాం.

సవరించిన నమూనాను, పెన్సిల్ గుర్తులున్న కాగితపు పటాన్ని పురపాలక అధికారులకు అందజేశాం. అనుమతి రావలసి ఉంది. వెనుక గేటు దీపాన్ని కొమ్మల కిందికి దించి అమర్చేందుకు సంఘం నిధి నుంచి ఖర్చు చేయడానికి సభ్యుల ఆమోదం కోరుతున్నాం.