గెటిస్‌బర్గ్ సరే, ఆ మర్నాటి విక్స్‌బర్గ్ సంగతేంటండీ?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ అనుబంధంలో అమెరికా అంతర్యుద్ధం మీద వేసిన పేజీ చదివాను. ఫొటోలు బాగున్నాయి, లింకన్ బొమ్మ పేజీ సగం వేశారు, అంతా బానే ఉంది గానీ 1863 జూలైలో గెటిస్‌బర్గ్‌లో దక్షిణాది సేనాని లీ ఓడిపోవడంతో, బానిసత్వం ఉండాలని విడిపోయిన ఆ దక్షిణాది రాష్ట్రాల పని అయిపోయిందని ఒక్క ముక్కలో తేల్చేశారు చూడండి, అక్కడే నాకు తిక్క రేగింది. పని అయిపోతే మరి ఇంకో 21 నెలలు ఎవరు ఎవరితో కొట్టుకున్నట్టు?

నేను హిస్టరీ మాస్టార్ని కాదు. గుంటూరులో పత్తి జిన్నింగ్ మిల్లులో 30 ఏళ్లు గుమాస్తాగా చేసి రిటైరయ్యాను, ఇప్పుడు వర్జీనియాలో అమ్మాయి వాళ్లింట్లో ఉన్నాను, మీ పేపరు పొద్దున్నే ఫోన్లో చదవడం అలవాటు. ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లు, ఆష్‌బర్న్, చాంటిలీ, సెంటర్‌విల్, ఇవన్నీ ఆ యుద్ధం నడిచిన నేలకి కూతవేటు దూరమే. ఐదో క్లాసు చదివే మా మనవడికి స్కూల్లో ఇదే పాఠం జరుగుతోంది కాబట్టి అల్లుడు గారు మమ్మల్ని కారెక్కించి, ఆ అంతర్యుద్ధంలో మొదటి పెద్ద పోరు జరిగిన మనాసస్ పార్కుకి తీసుకెళ్లారు. (ఆ పార్కు పక్కనే డేటా సెంటర్లు కడతామంటే జనం కోర్టుల దాకా వెళ్లారు, అది వేరే ఉత్తరం రాయాల్సిన కథ.)

అక్కడ గడ్డి మైదానంలో చిన్న ఇల్లు, పక్కన చిన్న కంచె, కంచెలో సమాధులు. జూడిత్ హెన్రీ అనే 80 దాటిన ముసలావిడ, మంచం మీంచి లేవలేని మనిషి, 1861 జూలై 21న ఇంట్లో ఉండగానే ఫిరంగి గుండు తగిలి పోయింది. ఆవిణ్ణి ఆ ఇంటి దగ్గరే పూడ్చారు. మా ఆవిడ ఆ కంచె దగ్గర చాలాసేపు నిలబడిపోయింది. మనవడు మాత్రం "తాతయ్యా, దీనికి రెండు పేర్లున్నాయేంటి?" అని పట్టుకున్నాడు. ఉత్తరాది వాళ్లు పక్కనున్న వాగు పేరుతో బుల్ రన్ అంటారు, దక్షిణాది వాళ్లు ఊరి పేరుతో మనాసస్ అంటారు, పేరు దగ్గర కూడా రాజీ పడలేదన్నమాట!

ఆ రోజు వాషింగ్టన్ నుంచి జనం, అందులో కాంగ్రెస్ సభ్యులు కూడా, గుర్రబ్బళ్లలో తినుబండారాలు పెట్టుకుని తిరునాళ్లకి వచ్చినట్టు సెంటర్‌విల్ దాకా వచ్చారట యుద్ధం చూడ్డానికి. సాయంత్రానికి ఉత్తరాది సైన్యం కకావికలై వెనక్కి పరిగెడుతుంటే ఆ బళ్లూ ఈ సిపాయిలూ ఒకే రోడ్డు మీద ఇరుక్కుపోయారు. యుద్ధం మొదలవగానే లింకన్ పిలిచింది 75,000 మందిని, అది కూడా 90 రోజులకి, అంటే మూడు నెలల్లో ముగిసిపోతుందనే లెక్క. ఈ దెబ్బ తిన్న మర్నాడే 5 లక్షల మందిని మూడేళ్లకి తీసుకునే చట్టం మీద సంతకం పెట్టాడు. నా దృష్టిలో మనాసస్‌లో ఓడింది మంచిదే అయింది ఉత్తరాదికి, ఆ రోజు గెలిచుంటే యుద్ధం తొందరగా అయిపోయేదేమో గానీ బానిసత్వం అలాగే మిగిలిపోయేదేమో అనిపిస్తుంది నాకు, కాదనే వాళ్లుంటే రాయండి.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. మీ పేజీలో ఉన్న యుద్ధాలన్నీ తూర్పు వైపువే, వర్జీనియా చుట్టుపక్కలవే. రెండు రాజధానులూ, వాషింగ్టన్, రిచ్‌మండ్, వంద మైళ్ల దూరంలో ఉండేసరికి విలేకరులంతా అక్కడే ఉన్నారు, ఫొటోలు అక్కడే తీశారు, ఇప్పటికీ అందరూ అవే వేస్తారు. కానీ దక్షిణాది కొంప మునిగింది పడమర వైపు, నదుల మీద. ఆ రోజుల్లో నది అంటే హైవే అండీ, బకింగ్‌హామ్ కాలువలో పడవల మీద సరుకు వెళ్లిన రోజుల గురించి మా నాన్న చెబుతుండేవాడు కాబట్టి నాకిది తొందరగా ఎక్కింది. టెన్నెసీ నది, కంబర్లాండ్ నది రెండూ దక్షిణాది కడుపులోకి దారులు. 1862 ఫిబ్రవరిలో, అప్పటికి పెద్దగా పేరు లేని ఉత్తరాది జనరల్ గ్రాంట్ ఆ రెండు నదుల మీదున్న రెండు కోటల్నీ పది రోజుల తేడాతో పట్టేశాడు. మొదటిది ఫోర్ట్ హెన్రీ, ఎంత పల్లంలో కట్టారంటే వరదకి కోటలోకే నీళ్లొచ్చి కూర్చున్నాయి, కట్టిన ఇంజనీరు ఎవరో గానీ దణ్ణం పెట్టాలి. రెండోది ఫోర్ట్ డోనెల్సన్, అక్కడ షరతుల గిరతుల్లేవు లొంగిపోండి అన్నాడు, 12,000 మందికి పైగా లొంగిపోయారు. తొమ్మిది రోజుల్లో నాష్‌విల్ పోయింది, దక్షిణాది చేజారిన మొదటి రాష్ట్ర రాజధాని అదే. ఏప్రిల్లో న్యూ ఆర్లీన్స్ కూడా పోయింది. దీని గురించి మీ పేజీలో ఒక్క లైను కూడా లేదు.

మా మిల్లు వాడిగా ఇక్కడ ఒక మాట. న్యూ ఆర్లీన్స్ పత్తి ఎగుమతికి పెద్ద రేవు. ఇంగ్లండు మిల్లులకి వచ్చే పత్తిలో నాలుగింట మూడొంతులు అమెరికా దక్షిణాదిదే, కాబట్టి పత్తి ఆపితే ఇంగ్లండే దిగొచ్చి మన వైపు నిలబడుతుందని దక్షిణాది వాళ్ల ధీమా. దక్షిణాది రేవులు మూతపడ్డాయి, ఇంగ్లండులో లాంకషైర్ మిల్లులు ఆగిపోయాయి, కూలీలు పస్తులున్నారు, కానీ ఇంగ్లండు యుద్ధంలోకి దిగలేదు, పత్తి కోసం మన ఇండియా వైపు తిరిగింది. బొంబాయి పత్తి వ్యాపారం అప్పుడెంత పెరిగిందో అందరికీ తెలుసు, మన గుంటూరు వైపు పత్తి కూడా కాకినాడ రేవు నుంచి ఓడలెక్కింది. కాస్త ఎర్ర జీర ఉండే ఆ పత్తిని వ్యాపారులు కోకనాడ అనే పిలిచేవాళ్లు, మా మిల్లులో పాత గుమాస్తాల నోట నేనూ విన్నాను. 1865లో యుద్ధం ఆగగానే రేటు ఢమాల్మని పడిపోయింది. ఎక్కడో మిసిసిపీ ఒడ్డున ఫిరంగి పేలితే మన రైతు ఇంట్లో దీపం వెలిగింది, అక్కడ ఆగితే ఇక్కడ ఆరింది. ఇలాంటిది వేయండి సార్ మన పేపర్లో, చదవబుద్ధవుతుంది.

తూర్పు వైపు యుద్ధాలు పనికిరానివని నేననట్లేదు. 1862 సెప్టెంబర్ 17న యాంటీటమ్‌లో ఒక్కరోజులో చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, కనపడకుండా పోయినవాళ్లు కలిపి 22,000 పైచిలుకు. దానికి ముందు లీ వేసుకున్న ప్లాను కాగితం మూడు పొగాకు చుట్టల చుట్టూ చుట్టి ఉండగా ఉత్తరాది సిపాయిలకి గడ్డిలో దొరికింది, అంత దొరికినా ఉత్తరాది సేనాని మెక్‌లెల్లన్ దాన్ని సరిగ్గా వాడుకోలేదు, లీ వెనక్కి పోతుంటే వెంటపడలేదు కూడా. కొట్లాటగా చూస్తే అది డ్రా. కానీ బానిసల విముక్తి ప్రకటన రాసి సొరుగులో పెట్టుకుని, ఒక్క గెలుపు వస్తే బయటపెడదామని ఎదురు చూస్తున్న లింకన్‌కి ఆ అరకొర గెలుపే చాలింది, ఐదు రోజులకే ప్రకటించేశాడు. ఆ తర్వాత ఇంగ్లండు, ఫ్రాన్సు దక్షిణాదిని గుర్తించడం కష్టమైపోయింది, దాదాపు 1,80,000 మంది నల్లజాతి వాళ్లు ఉత్తరాది సైన్యంలో చేరారు.

ఇక గెటిస్‌బర్గ్. మూడు రోజుల్లో రెండు వైపులా కలిపి 51,000 మంది దాకా నష్టం, నిజంగా భయంకరం. కానీ లీ మిగిలిన సైన్యాన్ని తీసుకుని నది దాటి వెళ్లిపోయాడు, మళ్లీ ఏడాదిన్నర పైన పోరాడాడు. అదే జూలై 4న, మర్నాడే, మిసిసిపీ ఒడ్డునున్న విక్స్‌బర్గ్‌లో సుమారు 29,000 మంది ఉన్న సైన్యం మొత్తం గ్రాంట్‌కి లొంగిపోయింది, కొద్దిరోజుల్లోనే మిసిసిపీ నది అంతా ఉత్తరాది చేతికొచ్చింది, దక్షిణాది రెండు ముక్కలైంది. 47 రోజుల ముట్టడి అది. ఊళ్లో జనం గుట్టల్లో గుహలు తవ్వుకుని పిల్లాపాపలతో అందులో ఉన్నారు, తిండికి కంచర గాడిద మాంసం.

మీరు పేపరు నడిపేవాళ్లు కాబట్టి ఇది మీకు చెప్పాలి. ఆ ఊళ్లో పేపరు ఒకటి, న్యూస్‌ప్రింట్ అయిపోతే గోడలకంటించే పూల కాగితం వెనక వైపు అచ్చేసింది. జూలై 2 సంచికలో గ్రాంట్‌ని ఎగతాళి చేస్తూ, జూలై 4న మా ఊళ్లో విందు చేస్తాడట, కుందేలు కూర వండాలంటే ముందు కుందేల్ని పట్టాలి కదా అని రాశారు. ఆలు లేదు చూలు లేదు అని మనం అన్నట్టే. రెండ్రోజులకి ఉత్తరాది సిపాయిలు ఊళ్లోకొచ్చి చూస్తే ఆ పేజీ అచ్చులు అలాగే పేర్చి ఉన్నాయి, కింద ఒక చిన్న ముక్క చేర్చి మళ్లీ అచ్చేశారు: గ్రాంట్ కుందేల్ని పట్టేశాడు అని!

చివరిగా అట్లాంటా. 1864 నవంబర్ అధ్యక్ష ఎన్నికల్లో తాను ఓడిపోతానని ఆ ఆగస్టులో లింకన్‌కే నమ్మకం, ఆగస్టు 23న ఆ సంగతి కాగితం మీద రాసి మడిచి, లోపల ఏముందో చూపించకుండా మంత్రుల చేత వెనక సంతకాలు పెట్టించుకున్నాడు. అవతల పోటీకి దిగింది ఆ యాంటీటమ్ మెక్‌లెల్లనే, ఆయన పార్టీయేమో యుద్ధం ఆపేద్దాం అంటోంది. సెప్టెంబర్ 2న ఉత్తరాది జనరల్ షెర్మన్ దక్షిణాది నగరం అట్లాంటాని పట్టుకున్నాడు, గాలి తిరిగిపోయింది, నవంబర్లో లింకన్‌కి 212 ఎలక్టోరల్ ఓట్లు, మెక్‌లెల్లన్‌కి 21. గెటిస్‌బర్గ్ గెలిచిన ఏడాదికి కూడా ఓటరు డౌట్‌లోనే ఉన్నాడంటే అక్కడే యుద్ధం తేలిపోయిందని ఎలా అంటారు? అట్లాంటా ఇంకో మూడు నెలలు నిలబడుంటే ఏమయ్యేదో ఆలోచించండి.

నా విన్నపం ఒక్కటే సార్. ఈసారి ఇలాంటి పేజీ వేసేటప్పుడు గడ్డాల జనరళ్ల ఫొటోలు నాలుగు తగ్గించి ఒక మ్యాప్ వేయండి. మిసిసిపీ, టెన్నెసీ, కంబర్లాండ్, మూడు గీతలు, వాటి మీద ఐదారు చుక్కలు, పక్కన తేదీలు, అంతే. మావాడి స్కూల్ ప్రాజెక్ట్ వచ్చే నెల 10న ఇవ్వాలి, ఆలోపు వేస్తే ప్రింట్ తీసి అట్ట మీద అంటించుకుంటాం, తెలుగు పేర్లు చూసి వాళ్ల టీచరమ్మ ఏమంటుందో మరి.

ఇట్లు
గుంటూరు పాఠకుడు
(ప్రస్తుతం వర్జీనియా)