వార్షిక నివేదిక 2024–25: పునాది తీయకముందే ర్యాంపు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం సమయం, డబ్బు ఎక్కువగా ఒక్క పనికే పెట్టింది. వీల్‌చైర్‌లో తిరిగేవాళ్లకు మన భవనాలు ఎలా కనిపిస్తాయో, వాటిని కట్టేవాళ్లకే చూపించాలనుకున్నాం. అందుకోసం వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్లు (కళ్లకు పెట్టుకుంటే ఆ చోటే ఉన్నట్టు చుట్టూ చూపించే పరికరాలు) అద్దెకు తెచ్చాం.

కోనసీమలో వీల్‌చైర్ భవనాల్లోకి ఎక్కలేకపోవడానికి మూలం నీళ్లే. 1986 గోదావరి వరద చూసినవాళ్లెవరూ నేలమట్టంలో కట్టడానికి ఒప్పుకోరు. బేస్‌మెంట్ 3 అడుగులు లేపడం మనకు మామూలు, అది అవసరం కూడా. కానీ ర్యాంపుకు అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు ఉండాలి. అంటే మూడడుగులకు 36 అడుగులు, మలుపు దగ్గర ఆగడానికి చదును జాగా అదనం. భవనం లేచాక అంత స్థలం ఎక్కడ దొరుకుతుంది? అందుకే చాలాచోట్ల మెట్ల పక్కన నిటారుగా సిమెంటు పోసి ర్యాంపు అంటున్నారు. దాని మీద బైకు ఎక్కుతుంది, వీల్‌చైర్ ఎక్కదు.

శిక్షణకు తాపీమేస్త్రీలు, సివిల్ డిప్లొమా విద్యార్థులు, వార్డు సభ్యులు వచ్చారు. కూర్చున్న మనిషి కంటి ఎత్తులో 360 డిగ్రీల కెమెరా పెట్టి చుట్టుపక్కల భవనాలు తీశాం. కుర్చీలో కూర్చుని హెడ్‌సెట్ పెట్టుకుంటే కౌంటర్ అవతలి గుమస్తా ముఖం కనబడదు. రెండున్నర అడుగుల బాత్రూం తలుపు లోపలికి తెరుచుకుంటే, కుర్చీ లోపలికి వెళ్లాక ఆ తలుపు మూయలేరు. అదే తలుపును కంప్యూటర్ నమూనాలో 900 మిల్లీమీటర్లు చేసి, బయటికి తెరుచుకునేలా మార్చి చూపించాం. మేస్త్రీలు వెంటనే టేపు తీసి కొలతలు మాట్లాడుకున్నారు. నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది అదే.

ఎక్కువ చర్చ వీల్‌చైర్ చక్రాలకు అడ్డుపడే గడప మీద నడిచింది. ఇంటికి గడప కావాలనే పట్టింపు మనందరికీ ఉంది, దాన్ని గౌరవించాలి. ఆఫీసుకి, ఆసుపత్రికి, బడికి మాత్రం గడప లేకుండా ద్వారబంధం పెట్టవచ్చని చివరికి అందరూ ఒప్పుకున్నారు.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. కళ్లకు కదలిక కనిపిస్తుంటే ఒళ్లు కదలదు కాబట్టి కొందరికి తల తిరిగింది. చక్రాలు తోసితోసి భుజాలు పడే నొప్పి హెడ్‌సెట్‌లో తెలియదు. పైగా, చూసినవాళ్లు "అయ్యో పాపం" అని వెళ్లిపోతే ఏం లాభం? అందుకే ప్రతి శిక్షణనూ వీల్‌చైర్ వాడే మన సభ్యులే నడిపారు, దానికి పారితోషికం తీసుకున్నారు.

ఇది దయ చూపించే విషయం కాదు. దివ్యాంగులకు అందుబాటుగా ఉండాలన్న నిబంధనలు పాటించని భవనానికి పూర్తయినట్టు ధ్రువపత్రం ఇవ్వకూడదని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 44వ సెక్షన్ చెబుతోంది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు కూడా, సిఫార్సులతో సరిపెట్టకుండా తప్పనిసరి నిబంధనలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది.

చలివేంద్రం, వైద్య శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి సర్వసభ్య సమావేశంలో చదువుతారు.

2027లో గోదావరి పుష్కరాలు. రేవుల పనులకు ప్లాన్లు ఖరారు కాకముందే ర్యాంపులు, రెయిలింగుల గురించి అధికారులకు వినతిపత్రం ఇస్తాం. రేవు నమూనాను హెడ్‌సెట్‌లోనే చూపించాలని అనుకుంటున్నాం. ఇల్లుగానీ కల్యాణ మండపంగానీ కట్టబోయే సభ్యులు, పునాది తీయకముందే ప్లాన్ కాగితం సంఘం కార్యాలయానికి తీసుకురండి. రుసుమేమీ లేదు.

— కార్యదర్శి